పెద్దమ్మ ఎత్తుకున్న బిడ్డ

మా పెద్దమ్మ ఎత్తుకున్న రెండు రోజులకే మా పాపకు జ్వరం వచ్చింది.

వానలు మొదలయ్యాయి. పాపకు పళ్ళు వచ్చే ఈడు. కింది వాటాలో పిల్లలిద్దరూ అప్పటికే దగ్గుతున్నారు. జ్వరం రావడానికి ఇన్ని కారణాలు కళ్ళ ముందున్నా, థర్మామీటరు చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది డాక్టరు కాదు. ఈ సంగతి పెద్దమ్మకు తెలియకూడదు అనుకున్నాను.

ఎందుకు తెలియకూడదో చెప్పాలంటే ఆమె గురించి మొదటినుంచీ చెప్పాలి. ఇప్పుడామె లేదు. పాప నిద్రపోయాక దొరికే కాస్త టైములో రాసుకుంటున్నాను. మధ్యలో లేస్తే ఆపేసి, ఎక్కడ ఆపానో మళ్ళీ వెతుక్కుంటున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాకా గోదావరి వెంబడి ఉన్న ఊళ్ళల్లో పేపరుకు వార్తలు రాసిన మొదటి ఆడమనిషి ఆమే. మావాళ్ళు కల్లూరు దగ్గర మిరప, పత్తి వేసే రైతులు. ఆమె భద్రాచలంలో డిగ్రీ చదువుతూ పత్రికలో ఆడవాళ్ళ పేజీకి చిన్న చిన్నవి రాసి పంపేది, వాళ్ళు వేసేవాళ్ళు. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో పత్రిక ఆఫీసుకు పోయి, భద్రాచలం మండలానికి నన్ను విలేకరిగా పెట్టుకోండి అని అడిగింది. అక్కడ కూర్చున్నాయన కాసేపు చూసి, "మీ ఇంట్లో అన్నో తమ్ముడో ఎవరూ లేరామ్మా?" అన్నాడట.

"ఉన్నడు సార్. కానీ ఆయనకు రాసుడు రాదు" అన్నదట మా పెద్దమ్మ.

ఆయన నవ్వి, ఒక నెల రాసి చూపించమన్నాడు. ఆ నెల ముప్పై ఏళ్ళు సాగింది.

అప్పుడు వార్త పంపడమంటే బస్సుకు ఇవ్వడమే. తెల్లకాగితాల మీద రాసి కవరులో పెట్టి, మధ్యాహ్నం ఖమ్మం పోయే బస్సు డ్రైవరు చేతిలో పెడితే, ఆయన ఖమ్మం బస్టాండులో ఆ పత్రిక పెట్టెలో వేసేవాడు. బస్సు వెళ్ళిపోతే ఆ రోజు వార్త లేదు. భద్రాచలం బస్టాండు టీకొట్టు దగ్గర మిగతా విలేకరులు కూడా కవర్లు పట్టుకుని నిలబడేవాళ్ళు. అందరూ మగవాళ్ళే. ఆమె మోపెడ్ ఆగగానే ఎవరో ఒకరు మొదలుపెట్టేవాళ్ళు.

"మేడమ్ గారు ఇయ్యాల ఏం వండి పంపుతున్నరో?"

"మీరు నిన్న వండిందే అన్నా. ఉప్పు లేదన్నరట, ఏసి పంపుతున్న."

తర్వాత తర్వాత వాళ్ళే ఆమె కవరు ఆలస్యమైతే బస్సు ఆపేవాళ్ళు. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో గర్వం కనిపించేది. అవార్డుల గురించి చెప్పినప్పుడు కనిపించేది కాదు.

ఆమె పనిచేసే తీరు ఒకటుంది. చావు జరిగిన ఇంటికో, ఏదైనా అన్యాయం జరిగిన ఇంటికో పోయినప్పుడు మగ విలేకరులు బయట మంచాల మీద పెద్దమనుషులతో కూర్చుని రాసుకునేవాళ్ళు. ఈమె లోపలికి పోయేది. కాగితం, పెన్ను బయటికి తీసేది కాదు. అక్కడున్న తల్లి చంకలోని పిల్లనో పిల్లవాడినో తీసుకుని తన ఒళ్ళో కూర్చోబెట్టుకునేది.

"పిల్ల నా ఒళ్ళో ఉంటే తల్లి చేతులు ఖాళీ అయితయి. చేతులు ఖాళీ అయితే మాట వస్తది" అనేది.

అడవి ఊళ్ళల్లో వాళ్ళ భాష వేరు. దాన్ని కూడా ఆమె అట్లా ఒళ్ళో పిల్లల్ని ఆడిస్తూనే నేర్చుకుంది. ఏ బోరింగులో తుప్పు నీళ్ళు వస్తున్నాయో, హాస్టల్ నుంచి పిల్ల ఎందుకు ఇంటికి వచ్చేసిందో, వాగు దాటలేక ఎవరు గట్టు మీదే కన్నారో ఆమె రాసేదాకా బయటికి రాలేదు. ఆ వార్తల కింద ఆమె పేరు ఉండేది కాదు. గూడేల్లో ఆడవాళ్ళు మాత్రం "పేపరక్క" అనేవాళ్ళు.

ఒక వానాకాలం గోదావరి పక్కన గూడెంలో ఒక చంటిబిడ్డ జ్వరంతో పోయింది. ఆమె పోయి తల్లి పక్కన కూర్చుంది. చనిపోయినవాళ్ళ ఫోటో పంపితే వార్త బాగా కనపడేటట్టు వేస్తారు. అందుకని, "బిడ్డ ఫోటో ఏమన్న ఉందా చెల్లె?" అని అడిగింది.

"ఉంటే నీకెందుకు ఇస్త అక్కా? నేనే చూసుకుంట గద" అన్నదట ఆ తల్లి.

పెద్దమ్మ తిరిగి వచ్చి, భద్రాచలంలో ఒక స్టూడియో ఆయన దగ్గర పాత కెమెరా కొన్నది. అప్పటినుంచి ఏ గూడెం పోయినా పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోవడం, మాట్లాడటం, లేచేముందు ఫోటో తియ్యడం. కడిగించిన ఫోటోలు మళ్ళీ పోయినప్పుడు తల్లుల చేతికి ఇచ్చేది. కొన్ని ఇళ్ళల్లో గోడకు దేవుడి పటం పక్కన ఆ ఒక్క ఫోటోనే ఉండేదని చెప్పేది.

ఈ కథ నేను చిన్నప్పటినుంచీ చాలాసార్లు విన్నాను. ఎప్పుడూ ఇక్కడే ఆపేది. ఇంకా మిగిలి ఉందని ఈ ఏడాదే తెలిసింది.

మా అమ్మ పోయాక, నేను మూడో తరగతిలో ఉండగా, నాన్న నన్ను తీసుకొచ్చి పెద్దమ్మ దగ్గర వదిలాడు. ఆమె నాకు వండిపెట్టింది, చదివించింది, జడలు వేసింది, కవరు ఇవ్వడానికి బస్టాండుకు పోతే వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది. కానీ నాకు జ్వరం వస్తే మాత్రం దగ్గరికి వచ్చేది కాదు. గడపలో నిలబడి ఇంటి ఓనరమ్మను పిలిచేది. "వదినా, పిల్ల ఒళ్ళు ఎట్లుందో కొంచెం చూడవా?" ఆమె వచ్చి నా నుదురు పట్టుకుని చూసి చెప్తే, పెద్దమ్మ మందు తెచ్చి, గ్లాసు నా చేతికివ్వకుండా కింద పెట్టేది. కెమెరా అప్పటికి అలమారలో పైన ఉండేది. నన్ను ఒక్కసారి కూడా ఫోటో తియ్యలేదు. సొంత బిడ్డనైతే ఇట్లా ఉండేదా అనుకుంటూ గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ అనుమానం పెళ్ళయ్యేదాకా, ఆ తర్వాత కూడా నాతోనే ఉంది.

పాప ఖమ్మంలో పుట్టింది. ఉయ్యాలలో వేసే రోజుకు అందరికన్నా ముందు ఆమెకే ఫోన్ చేశాను.

"వస్త బిడ్డా. రాకుండ ఎట్లుంట?" అన్నది.

రాలేదు. ఒంట్లో బాగాలేదని సాయంత్రం ఫోన్ చేసింది. అది నిజమే. కిడ్నీలు చెడిపోయి అప్పటికే డయాలసిస్ చేయించుకుంటోంది. కానీ నాకు ఆ గొంతులో వేరే ఏదో వినిపించింది.

మా అత్తమ్మది తల్లాడ దగ్గర. మనసులో ఉన్నది మనసులో పెట్టుకునే మనిషి కాదు. "రాకపోతే ఏంది పిల్లా, ఒకందుకు మంచిదే. ఆమె పోయిన ఇండ్లల్ల ఏడుపులున్న ఇండ్లే ఎక్కువ" అన్నది.

"అత్తమ్మా, ఆమె పేపర్ల పనిచేసింది. కాటికాపరి కాదు."

"నేనేమన్ననే? లోకం అంటదని చెప్పిన."

"లోకం ఎప్పుడు చెప్పింది నీకు?"

"ఇగో, గిట్ల మాటకు మాట చెప్పుడు ఆమె దగ్గర్నే నేర్చినవ్" అని అత్తమ్మ ఉయ్యాల ఊపుకుంటూ కూర్చుంది.

పాప పాకడం మొదలుపెట్టాక ఇక ఉండబట్టలేక నేనే తీసుకుని భద్రాచలం బస్సెక్కాను. పెద్దమ్మ ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు చెప్పాడు. ఆమె ఒళ్ళో నా బిడ్డ ఒక్కసారైనా కూర్చోవాలి. నాకు కావలసింది అదే.

ఆమె చాలా సన్నబడింది. కాళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. నేను చాప పరిచి పాపను కూర్చోబెడితే, ఆమె దూరంగా కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. ఏం తింటుంది, ఎంత బరువుంది, ఏ టీకాలు పడ్డాయి, మీ వీధిలో దోమల మందు కొడుతున్నారా. ఆఫీసర్లను అడిగినట్టే అడిగింది.

"ఎత్తుకో పెద్దమ్మా."

"చేతికి సూదులు గుచ్చిన్రు గదా. బరువు ఎత్తొద్దన్నరు."

"ఇంకో చెయ్యి ఉంది గదా."

"దానికి అలవాటు లేదు."

నేను ఫోన్ తీసి, ఇద్దరూ కనపడేటట్టు ఫోటో తియ్యబోయాను. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. "నన్నొక్కదాన్నే తీసుకో" అన్నది.

నాకు ఏడుపొచ్చింది. "నాకు జ్వరమొస్తే ముట్టలే. నా బిడ్డ మంచిగ ఉన్నా ముడతలేవు. మేమేం చేసినం నీకు?"

ఆమె అడ్డం పెట్టిన చెయ్యి దించింది. తర్వాత ఆ మిగిలిన కథ చెప్పింది.

కెమెరా కొన్న మరుసటి వానాకాలం జ్వరాలు ఎక్కువగా వచ్చాయి. చుట్టుపక్కల గూడేల్లో పిల్లలు పోయారు. పత్రిక ఆఫీసు వాళ్ళు ఫోటోలు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. ఆమె తీసినవే. పంపింది. ఫోటోలతో సహా జిల్లా పేజీలో పైన వేశారు. ఆఫీసర్లు జీపులేసుకుని వచ్చారు. మందులు వచ్చాయి, దోమతెరలు వచ్చాయి.

"వార్త పనిచేసింది" అన్నది పెద్దమ్మ. "నేను అందుకే రాసిన. కానీ ఆ తల్లులకు కనపడ్డదేంది? పేపరక్క ఎత్తుకున్న పిల్లలు, ఫోటో తీసిన పిల్లలు, పేపర్ల చచ్చిపోయి వచ్చిన్రు."

ఆ తర్వాత ఆమె మోపెడ్ చప్పుడు వినపడగానే తల్లులు పిల్లల్ని లోపలికి తీసుకుపోయేవాళ్ళు. ఒకామె మాత్రం ఎదురొచ్చింది. గోడకున్న ఫోటో తీసి, బోర్లించి ఈమె చేతిలో పెట్టింది.

"తీస్కపో అక్కా. మా పిల్ల ఇంకా బతికే ఉంది."

"కోపంతో ఇయ్యలే. మంచిగ నవ్వుకుంటనే ఇచ్చింది. మంచినీళ్ళు కూడ ఇచ్చింది" అన్నది పెద్దమ్మ. "ఇంటికొచ్చి, జ్వరాలు దోమల వల్ల వస్తయ్, కెమెరా వల్ల కాదని పెద్ద వార్త రాసిన. వేసిన్రు కూడ. ఎవరు చదివిన్రో తెల్వదు."

"మరి నువ్వు నమ్ముతున్నవా గది? ముప్పై ఏండ్లు మంత్రగాళ్ళకు ఎదురు రాసినవ్."

"నమ్మకం కాదే. నమ్మితే తాయెత్తు కట్టించుకుందును. చెయ్యి రాదు, అంతే."

పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోవడం మానేశాక ఆడవాళ్ళు ఆమెతో మునుపటిలా మాట్లాడలేదట. వార్తలు రాస్తూనే ఉంది కానీ అవి వేరేవాళ్ళ వార్తల్లాగే ఉండేవట. ఆ సమయంలోనే కథలు రాయడం మొదలుపెట్టింది. రెండు పుస్తకాలు వచ్చాయి. "కథల్ల పిల్లల్ని ఎవరూ ఎత్తుకోనక్కర్లేదు" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ మాటల్లో ఉండగా పాప చాప దాటి పాకుకుంటూ పోయి, ఆమె చీర పట్టుకుని నిలబడింది. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. నిలబడి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని వెనక్కి తిరిగి నన్ను చూసింది. చెయ్యి వదిలేసింది. వెనక గడప ఉంది. నేను లేచేలోపల పెద్దమ్మ రెండు చేతులూ ముందుకొచ్చాయి. సూదులు గుచ్చిన చెయ్యి కూడా.

పాప ఆమె ఒళ్ళో ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి కాసేపు కదలకుండా కూర్చుంది. పాప కళ్ళజోడు పీకింది. "ఓసి దొంగదానా" అన్నది పెద్దమ్మ. అట్లా మురిపెంగా ఒక పసిబిడ్డతో ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. తర్వాత పాప తలను వాసన చూసింది. బస్సు టైమయ్యేదాకా కిందికి దించలేదు. నేను ఫోటో తియ్యలేదు. తీసి ఉంటే ఏమనేదో, అడగలేదు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక పెద్ద పని చేసిపెట్టినట్టు పొంగిపోయాను.

రెండు రోజులకు జ్వరం.

పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తోంది. "పాప ఎట్లుంది? ఒళ్ళు వెచ్చగ ఉందా?"

"లేదు పెద్దమ్మా. మంచిగ ఆడుకుంటుంది."

"చప్పుడు వినపడతలేదు మరి."

నేను గిలక్కాయ తీసి ఫోన్ దగ్గర పట్టుకుని ఊపాను. అవతల ఆమె విన్నది.

"ఊపుతున్నది నువ్వే గదా" అన్నది.

ముప్పై ఏళ్ళు జనాన్ని ప్రశ్నలడిగిన మనిషి. నేను కొంచెం జలుబని, కొంచెం వేడని, డాక్టరుకు చూపించామని చెప్పుకుంటూ పోయాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

నేను చదివింది సైన్సు. దోమ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాను. అయినా జ్వరం దిగని ఆ రెండు రోజులూ, ఆ గడప దగ్గర పాపను నేనే పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. అత్తమ్మ ఏమంటుందోనని ఆమె మొహం చూడటానికి కూడా భయపడ్డాను. ఆమె తడిగుడ్డ పిండి పాప నుదుటి మీద వేస్తూ, నా వైపు చూడకుండానే, "పిల్లలన్నంక జ్వరాలు రావా? మీ ఆయనకు ఎన్ని వచ్చినయో అడుగు. జల్దీ ఆ గిన్నె ఇటియ్యి" అన్నది.

రక్తపరీక్షలో ఏమీ లేదు. మామూలు జ్వరమే. దిగిపోయింది. వెంటనే పెద్దమ్మకు ఫోన్ చేస్తే ఇంటి ఓనరమ్మ ఎత్తింది. ఊపిరి అందక రాత్రి దవాఖానాలో చేర్పించారు.

మళ్ళీ పాపను తీసుకుని బయలుదేరాను. మా ఆయన వద్దన్నాడు, ఇప్పుడే జ్వరం తగ్గిన పిల్లతో ఈ వానలో ఎక్కడికి అన్నాడు. నేను వినలేదు. పాప బాగుందని నోటితో చెప్తే ఆమె నమ్మదు, చూడాలి. గోదావరి పెరుగుతోంది. బ్రిడ్జి మీద జనం ఆగి నీళ్ళు చూస్తున్నారు.

వార్డులోకి చిన్నపిల్లల్ని రానివ్వలేదు. నర్సు మంచిదే. వెనక వరండా వైపు కిటికీ ఉందని చెప్పి, పెద్దమ్మ మంచం అటు జరిపింది. నేను బయట నిలబడి పాపను కిటికీ ఊచల దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను.

పెద్దమ్మ ముక్కు మీది మాస్కు పక్కకు జరిపింది.

"తగ్గిందా?"

"తగ్గింది. చూడు, ఎట్ల నవ్వుతుందో."

"మొఖం గుంజుకపోయింది."

"జ్వరమొస్తే గుంజుకపోదా? మళ్ళ వస్తది పెద్దమ్మా. రక్తపరీక్ష చేయించినం, ఏం లేదన్నరు. పళ్ళ జ్వరమే. కింద ఇంటి పిల్లలకూ వచ్చింది, వాళ్ళను నువ్వు చూడనే లేదు గదా."

ఆమె వింటోంది. పాప ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టింది. మంచం దగ్గరే ఉంది. పెద్దమ్మ ఆ చెయ్యి వైపు చూసింది. తన చెయ్యి దుప్పటి మీద ఉన్నది తీసి, దుప్పటి లోపలికి పెట్టుకుంది.

"ఇంటికి తీస్కపో బిడ్డా. దవాఖానా గాలి మంచిది కాదు" అన్నది. కొంచెం ఆగి, "మళ్ళ తీస్కరాకు" అన్నది.

ఆ వారంలోనే పోయింది. నేను పాపను అత్తమ్మ దగ్గర వదిలి పోయాను. అన్ని పేపర్లలో వేశారు. ఈ ప్రాంతపు తొలి మహిళా విలేకరి అని, రచయిత్రి అని, గూడేల గొంతు అని రాశారు. అందులో తప్పేమీ లేదు. బస్టాండు దగ్గర ఆమెతో పాటు కవర్లు పట్టుకుని నిలబడినవాళ్ళలో ఒకాయన, ఇప్పుడు ముసలాయన, వచ్చి నా దగ్గర కూర్చుని, "మీ పెద్దమ్మకు భయమనేదే తెల్వదు" అన్నాడు. నేను తల ఊపాను.

నిన్న పాపకు మళ్ళీ జ్వరం వచ్చింది. పెద్దమ్మ పోయి నెల దాటింది. ఈ నెలలో పాపను నేనూ, అత్తమ్మా, మా ఆయనా తప్ప ఎవరూ ఎత్తుకోలేదు. పొద్దున ఒళ్ళు వెచ్చగా తగిలింది, మధ్యాహ్నానికి కాలిపోయింది. మందు వేశాను. అత్తమ్మ తడిగుడ్డ వేసింది. ఇవాళ తెల్లారేసరికి చెమట పట్టి దిగిపోయింది. లేచి కూర్చుని, నా చేతిలో పాలగిన్నె లాక్కుంది.

ఎవరి చేతుల వల్లా రాని జ్వరం. వచ్చింది, పోయింది. పొద్దుటి నుంచీ ఈ మాట చెప్పాలని ఉంది. అత్తమ్మకు చెప్తే, "తగ్గింది గదా, ఇంక ఆలోచనెందుకు?" అన్నది. మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి టెంపరేచర్ ఎంతుందని అడిగితే చెప్పాను. వాళ్ళకు అది పాప జ్వరం మాత్రమే. తగ్గింది కాబట్టి అయిపోయింది. దీన్ని విని ఊపిరి పీల్చుకోవలసిన మనిషి ఒక్కతే ఉండేది.